ఈగ వీపు మీది రోమం, మన చెవి లోపలి కణం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పండు ఈగ మీద జరిగే పరిశోధనల గురించి గత సంచికలో వచ్చిన చిన్న వ్యాసానికి చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. మూడు మిల్లీమీటర్ల ఈగలో నరాలు, కళ్ళు, చెవులు ఎలా ఏర్పడతాయో తెలుసుకుని మనిషి ఏం చేసుకోవాలన్న సందేహమే వాటిలో ఎక్కువ భాగానికి మూలం. ఆ సందేహాన్ని వేర్వేరు వైపుల నుంచి అడిగిన కొన్ని ఉత్తరాలను ఎంచుకొని ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాకు మామిడి తోట ఉంది. పండు ఈగ వల్ల ఏటా కాయ పాడవుతోంది. మీరు రాసిన ఈగ ఇదేనా? ఇదే అయితే వందేళ్ళు పరిశోధించి కూడా దీన్ని ఎందుకు అదుపు చేయలేకపోయారు? (ఒక రైతు, నూజివీడు)

జవాబు: కాదండి, ఆ రెండూ వేర్వేరు కుటుంబాల ఈగలు. మీ తోటలో కాయను పొడిచి లోపల గుడ్లు పెట్టేది బాక్ట్రోసెరా డోర్సాలిస్. అది ఇంచుమించు ఇంటి ఈగంత ఉంటుంది. మిథైల్ యూజినాల్ ఎర పెట్టిన బుట్టల్లో వచ్చి పడే మగ ఈగలు ఆ జాతివే. ప్రయోగశాలల్లో పెంచే డ్రోసోఫిలా మెలనోగాస్టర్, బాగా మగ్గిన అరటిపండు మీదా పులిసిన రసం మీదా ముసిరే సన్నని ఎర్రకళ్ళ ఈగ. అది గట్టి కాయ జోలికి పోదు. పులుస్తున్న పండు మీద పెరిగే ఈస్టే దానికి ఆహారం. ఈ సంచికలో చెప్పేదంతా ఈ రెండవ ఈగ గురించే.

ప్రశ్న: ఈగ వీపు మీది రోమాలు లెక్కపెట్టి నాడీ వ్యవస్థ గురించి తెలుసుకున్నారని రాశారు. రోమానికీ నాడీ వ్యవస్థకూ సంబంధం ఏమిటో అర్థం కాలేదు. (బీఎస్సీ విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: మన వెంట్రుకను మనసులో పెట్టుకొని చదివితే ఈ చిక్కు తప్పదు. మన వెంట్రుకలో ప్రాణమున్న కణం లేదు. ఈగ వీపు మీది రోమం మాత్రం దానంతట అదే ఒక పూర్తి జ్ఞానేంద్రియం. దాని నిర్మాణంలో నాలుగు కణాలు ఉంటాయి. ఒకటి బయటికి కనిపించే రోమాన్ని తయారుచేస్తుంది. మరొకటి ఆ రోమం అటూ ఇటూ కదలడానికి వీలుగా దాని మొదట్లో గుండ్రని పాదు కడుతుంది. మూడవది నాడీకణం, నాలుగవది ఆ నాడీకణపు కొసను కప్పి ఉంచే తొడుగు కణం. గాలి వీచినా, దుమ్ము తగిలినా రోమం వంగుతుంది. దాని మొదలును అంటిపెట్టుకొని ఉన్న నాడీకణపు కొస మీద ఒత్తిడి పడి, అక్కడి అయాన్ ద్వారాలు తెరుచుకొని, సంకేతం నాడీతంతువు వెంట లోపలికి సాగుతుంది. తల తీసేసిన ఈగ కొంతసేపు కాళ్ళ మీద నిలబడే ఉంటుంది. అప్పుడు దాని వీపు మీది ఒకే ఒక్క రోమాన్ని సన్నని కొసతో కదిలిస్తే, కాలు పైకి లేచి సరిగ్గా ఆ చోటునే తుడుస్తుంది. ఏ రోమం కదిలిందో ఈగ శరీరానికి తెలుస్తుందనీ, ఆ పనికి మెదడు కూడా అవసరం లేదనీ దీనివల్ల రుజువవుతోంది.

ఇక లెక్కపెట్టడం గురించి. నాడీకణాలు పుట్టే తీరును మెదడులోనే చూడాలంటే కణజాలాన్ని కోసి, రంగులద్ది, లోపల దాగి ఉన్న వేల కణాల మధ్య వెతకాలి. రోమాలైతే శరీరం పైనే ఉంటాయి, బతికి ఉన్న ఈగలోనే చిన్న సూక్ష్మదర్శిని కింద కనిపిస్తాయి. వీపు మీది పెద్ద రోమాలు ఒక్కో పక్క 11, మొత్తం 22. ప్రతి ఈగలోనూ అవి అవే చోట్ల ఉంటాయి. వాటి మధ్య చిన్న రోమాలు, నాటిన వరి మొక్కల్లాగా, ఒకదానికొకటి ఎడంగా వరుసలు కట్టి ఉంటాయి. కాబట్టి ఒక్క రోమం తగ్గినా, ఒకటి ఎక్కువైనా, ఒకటి ఉండవలసిన చోట రెండు మొలిచినా, నాడీకణాన్ని పుట్టించే పద్ధతిలో ఎక్కడో తేడా వచ్చిందని పైనుంచే తెలిసిపోతుంది. జన్యుశాస్త్రానికి ఇంత అనువైన కొలత దొరకడం నిజంగా అదృష్టమే.

థామస్ హంట్ మోర్గాన్ 1910లో కొలంబియా విశ్వవిద్యాలయంలో తెల్లకళ్ళ మగ ఈగను గుర్తించిన తరువాత, ఆయన శిష్యులు రూపంలో ఏ చిన్న తేడా ఉన్న ఈగనైనా వేరుచేసి దాచడం మొదలుపెట్టారు. వాటిలో కొన్నింటికి వీపు మీద కొన్ని రోమాలు అసలే లేవు. ఆ లోపాలకు మూలమైన జన్యువులే అకీట్, స్క్యూట్. 1920ల చివర సోవియట్ దేశంలో సెరెబ్రోవ్‌స్కీ, డుబినిన్ తదితరులు స్క్యూట్ జన్యువులో వచ్చిన రకరకాల మార్పులను పోల్చి, ఒక్కో మార్పు ఒక్కో రోమాల సమూహాన్ని పోగొడుతుందని గమనించారు. 1970లలో మాడ్రిడ్‌లో ఆంటోనియో గార్సియా బెల్లీడో, ఆయన సహచరులు ఈ జన్యువుల పని ఏమిటో తేల్చారు: చర్మంగా మిగిలిపోవలసిన కణాన్ని నాడీ మార్గంలోకి మళ్ళించడమే వాటి పని. తరువాతి దశాబ్దంలో ఆ ప్రాంతపు డీఎన్ఏను వేరుచేసి చూస్తే అక్కడ ఒకే పోలికలో నాలుగు జన్యువులు వరుసగా కనిపించాయి. నాలుగూ ఇతర జన్యువులను పనిచేయించే ప్రొటీన్లను తయారుచేసేవే.

అదే కుటుంబానికి చెందిన ఏఎస్‌సీఎల్-1 అనే జన్యువు మన శరీరంలోనూ ఉంది, మెదడు పెరిగే దశలో పనిచేస్తుంది. 2010లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మారియస్ వెర్నిగ్ బృందం ఎలుక సంయోజక కణజాలపు కణాల్లో మూడు జన్యువులను చొప్పించి వాటిని నేరుగా నాడీకణాలుగా మార్చింది. ఆ మూడింటిలో ముఖ్యమైనది ఇదే. ఈగ వీపు మీద రోమం లేని చోటును చూసి కనిపెట్టిన జన్యువుల బంధువు, పాలిచ్చే జంతువు కణాన్ని నాడీకణంగా మార్చగలిగింది.

ప్రశ్న: నాచ్ అనే పేరు క్యాన్సర్ మందుల సమాచారంలో తరచుగా చూస్తున్నాను. అది మొదట ఈగ రెక్కలో కనిపించిందని మీరు రాశారు. రెక్కకూ, నరాలకూ, క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని కాస్త వివరంగా చెప్పగలరా? (ఒక ఫార్మసిస్టు, విశాఖపట్నం)

జవాబు: ఈ సంచికలోని ప్రశ్నలన్నింటికీ నడిబొడ్డున ఉన్న ప్రశ్న మీదే కాబట్టి కొంచెం విస్తారంగానే చెబుతాను.

మోర్గాన్ ప్రయోగశాలలో 1910లలోనే రెక్క అంచు గండి పడినట్లుండే ఆడ ఈగలు దొరికాయి. ఈగలో నాచ్ జన్యువు (ఆ మాటకు అర్థమే గండి) రెండు ప్రతుల్లో ఒకటి పాడైతే రెక్కకు గండి పడుతుంది. పనిచేసే ప్రతి ఏదీ లేకపోతే పిండం గుడ్డులోనే చనిపోతుంది. అలా చనిపోయిన పిండాలను 1930ల చివర డొనాల్డ్ పౌల్సన్ ఓపికగా పరిశీలించాడు. వాటిలో చర్మం కావలసిన కణాలు కూడా నాడీ కణజాలంగా మారిపోయి ఉన్నాయి. లోపం అంటే ఏదో ఒకటి తగ్గడమే అనుకునే కాలంలో, ఒక జన్యువు పోతే నరాలు ఎక్కువవుతాయని తెలియడం చాలా పెద్ద సంగతి. నాడీకణం కావడానికి ఆ ప్రాంతంలోని కణాలన్నింటికీ సామర్థ్యం ఉందనీ, ఎక్కువ కణాలను ఆ దారిన పోకుండా ఆపడమే నాచ్ పని అనీ అర్థం చేసుకోవడానికి మాత్రం ఆ తరువాత కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఆపే విధానం ఇది. అకీట్, స్క్యూట్ జన్యువులు ఒక్క కణంలో కాక, పక్కపక్కనే ఉన్న ఇరవై ముప్పై కణాల గుంపులో ఒకేసారి పనిచేయడం మొదలుపెడతాయి. ఆ గుంపులోని ప్రతి కణం తన పై పొర మీద రెండు ప్రొటీన్లను నిలుపుతుంది. ఒకటి డెల్టా, రెండవది నాచ్. ఒక కణం మీది డెల్టా పక్క కణం మీది నాచ్‌ను తాకితే, ఆ పక్క కణంలో నాచ్ ప్రొటీన్ తెగి, దాని లోపలి ముక్క కేంద్రకంలోకి వెళ్ళి అకీట్, స్క్యూట్‌లను అణచే జన్యువులను లేపుతుంది. అకీట్, స్క్యూట్‌లు తగ్గిన కణంలో డెల్టా కూడా తగ్గుతుంది, దానితో ఆ కణం తన చుట్టూ ఉన్నవాటిని ఆపలేకపోతుంది. మొదట్లో కణాల మధ్య తేడా చాలా స్వల్పం. ఏదో ఒక కణంలో డెల్టా కాస్త ఎక్కువ ఉంటే అది పక్కవాటిని కాస్త ఎక్కువగా అణచివేస్తుంది, అణగిన కణాలు దాన్ని ఇంకా తక్కువగా ఆపుతాయి, ఈ విధంగా ఆ స్వల్పమైన తేడా పెరిగి పెరిగి చివరికి గుంపులో ఒకే కణం నాడీ మార్గంలో మిగులుతుంది. తక్కినవన్నీ చర్మమవుతాయి. రోమాలు ఎడం ఎడంగా ఉండడానికి కారణం ఇదే. ఈ సమయంలో నాచ్‌ను పనిచేయనీయకపోతే గుంపులోని కణాలన్నీ ఇంద్రియ మాతృకణాలై (విభజన చెంది ఒక రోమపు నాలుగు కణాలనూ ఇచ్చే కణమే ఇంద్రియ మాతృకణం), ఒక్క రోమం ఉండవలసిన చోట కుచ్చు మొలుస్తుంది.

ఏ కణానికీ తన గతి ముందుగా రాసిపెట్టి లేదు, పొరుగు కణాలతో ఇచ్చిపుచ్చుకునే సంకేతాల వల్లనే అది నిర్ణయమవుతోంది. నా దృష్టిలో ఈగ జీవశాస్త్రానికి ఇచ్చిన వాటిలో అత్యంత విలువైనది ఈ అవగాహనే.

ఇప్పుడు మీ రంగానికి వద్దాం. నాచ్ జన్యువును 1980లలో వేరుచేసి చదివారు. 1991లో మనిషిలో టీ-కణాల ల్యుకేమియా రోగులు కొందరిలో క్రోమోజోము విరిగి అతుక్కున్న చోట ఇదే జన్యువు మానవరూపం కనిపించింది. అక్కడ నాచ్ ఆగకుండా పనిచేస్తూ కణాలను ముదరనీయకుండా విభజింపజేస్తోంది. 1996లో వంశపారంపర్యంగా పక్షవాతం తెచ్చే కాడసిల్ వ్యాధికి నాచ్-3 జన్యువు కారణమని, 1997లో కాలేయం, గుండెలను దెబ్బతీసే అలజీల్ వ్యాధికి నాచ్‌ను తాకే జాగ్డ్-1 ప్రొటీన్ లోపం కారణమని తేలింది.

నాచ్‌ను కోసే ఎంజైము గామా సిక్రిటేజ్. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ ముక్కలను ఒక పెద్ద ప్రొటీన్ నుంచి కోసి విడుదల చేసేదీ అదే. అందుకే ఆ ఎంజైమును ఆపే సెమగాసెస్టాట్ అనే మందును అల్జీమర్స్ రోగులపై పరీక్షించారు. 2010లో ఆ పరీక్షలను మధ్యలోనే ఆపవలసి వచ్చింది. రోగుల జ్ఞాపకశక్తి మెరుగు పడకపోగా ఇంకా క్షీణించింది, చర్మ క్యాన్సర్ కేసులు పెరిగాయి. నాచ్ కోత కూడా ఆగిపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణమని భావిస్తున్నారు. అదే ఎంజైమును ఆపే నిరోగాసెస్టాట్‌ను డెస్మాయిడ్ కణితుల చికిత్సకు 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. మీ దుకాణానికి వచ్చే మందుల పత్రాల్లో ఈ పేరు కనిపిస్తే దాని మూలం ఒక ఈగ రెక్క అంచున ఉందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: కణం విభజన చెందితే రెండు ఒకే రకమైన కణాలు వస్తాయని మా పాఠంలో ఉంది. రోమంలోని నాలుగు కణాలు ఒకే కణం నుంచి పుట్టాయంటున్నారు. మరి అవి వేర్వేరుగా ఎందుకున్నాయి? (ఇంటర్ విద్యార్థి, ఒంగోలు)

జవాబు: పాఠంలో ఉన్నది క్రోమోజోముల సంగతి. అందులో తప్పు లేదు, రెండు పిల్లకణాలకూ ఒకే డీఎన్ఏ అందుతుంది. అయితే కణంలో డీఎన్ఏ కాక వేరే సరుకు కూడా ఉంటుంది, దాన్ని సమంగా పంచాలన్న నియమం లేదు. ప్యూపా దశలో ఇంద్రియ మాతృకణం విభజనకు సిద్ధమైనప్పుడు నంబ్ అనే ప్రొటీన్ మొత్తం కణం ముందువైపుకు, అంటే ఈగ తల ఉన్న వైపుకు, జరిగి అక్కడ నెలవంక ఆకారంలో పోగవుతుంది. కణం రెండుగా చీలినప్పుడు నంబ్ అంతా ముందున్న పిల్లకణానికే పోతుంది. నంబ్ అందిన కణంలో నాచ్ సంకేతం పనిచేయదు కాబట్టి అది లోపలి భాగాల వైపు, అంటే నాడీకణం, తొడుగు కణాల వైపు సాగుతుంది. అందని కణం రోమాన్నీ, పాదునూ ఇస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో యుహ్ నుంగ్ జాన్, లిలీ జాన్ దంపతుల ప్రయోగశాల ఈ జన్యువును 1989లో వెల్లడించింది. దాని ప్రొటీన్ ఇలా ఒక పక్కకే చేరుతుందని 1994లో చూపింది. నంబ్ లేని ఈగలో నాడీకణం పుట్టవలసిన వైపు కూడా బయటి భాగాలే తయారవుతాయి, ఆ రోమానికి స్పర్శ తెలియదు. మూలకణం విభజన చెందినప్పుడు ఒక పిల్ల మూలకణంగానే ఉండి, మరొకటి వేరే దారి పట్టడం ఎలా సాధ్యమన్న ప్రశ్నకు తొలి స్పష్టమైన ఆధారాల్లో ఇది ఒకటి.

ప్రశ్న: మా బాబుకు పుట్టుకతోనే వినికిడి లోపం ఉంది. ఈగల్లో చెవి జన్యువు దొరికిందని ఎక్కడో చదివాను. దానివల్ల చికిత్స వచ్చే అవకాశం ఉందా? (ఒక తల్లి, కర్నూలు)

జవాబు: అమ్మా, ముందుగా మీ బాబుకు ఈరోజు పనికివచ్చే మాట చెబుతాను. వినికిడి లోపం తీవ్రంగా ఉన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఎంత చిన్న వయసులో అమర్చితే మాట అంత బాగా వస్తుంది. ప్రభుత్వ పథకాల కింద దీనికి సాయం అందుతుంది, కానీ వయసు పరిమితి ఉంటుంది. ఈ విషయంలో ఆలస్యం చేయకుండా జిల్లా ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వైద్యులను కలిసి వినికిడి పరీక్ష చేయించండి. పరిశోధన ఫలితం కోసం ఎదురుచూస్తూ ఆ వయసును దాటనివ్వవద్దు.

మీరు చదివిన జన్యువు పేరు ఎటోనల్. మగ ఈగ ఒక రెక్కను ఆడించి పాడే పాటను ఆడ ఈగ స్పర్శశృంగం రెండవ కణుపులోని సుమారు 500 నాడీకణాలతో వింటుంది. దాన్ని జాన్‌స్టన్ ఇంద్రియం అంటారు. 1993లో జాన్ దంపతుల ప్రయోగశాలలో ఆండ్రూ జార్మన్ కనిపెట్టిన ఎటోనల్ జన్యువు లేకపోతే ఆ ఇంద్రియం ఏర్పడదు. దీని బంధువు ఎలుకలోనూ మనిషిలోనూ ఉంది. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో హ్యూగో బెల్లెన్, హుదా జోగ్బీ బృందాలు ఆ జన్యువును ఎలుకలో తొలగించి, 1999లో దాని ఫలితాన్ని ప్రకటించాయి: లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒక్కటి కూడా ఏర్పడలేదు. తరువాత ఎలుకలో ఆ జన్యువు స్థానంలో ఈగ ఎటోనల్‌నే పెట్టి చూస్తే అది అక్కడ కూడా పనిచేసింది. ఈగకూ మనకూ ఉమ్మడి పూర్వీకులు 50 కోట్ల ఏళ్ళకు పూర్వం జీవించారని తలచుకుంటే ఆ ఫలితం ఎంత విశేషమైనదో తెలుస్తుంది.

మనిషి చెవిలో రోమకణాలు ఒక్కో వైపు సుమారు 15 వేలు. పోతే తిరిగి పుట్టవు. వాటి పక్కనే ఉండే ఆధారకణాలను ఈ జన్యువు సాయంతో రోమకణాలుగా మార్చాలని ప్రయత్నాలు జరుగుతున్నాయి, మనుషుల మీద కూడా పరీక్షించారు. చికిత్సగా అది ఇంకా నిలబడలేదు. పుట్టుకతో వచ్చే చెవుడులో ఎక్కువ భాగానికి ఈ జన్యువు కారణం కాదు కూడా. వేరే జన్యువుల లోపాలే సామాన్యం. వాటిలో ఓటోఫెర్లిన్ అనే జన్యువు లోపించిన పిల్లలకు జన్యుచికిత్స చేయగా కొందరికి వినికిడి వచ్చినట్లు 2024లో ఫలితాలు వెలువడ్డాయి. అందువల్ల వీలైతే బాబుకు జన్యు పరీక్ష చేయించి, ఏ జన్యువులో లోపమో తెలుసుకొని నమోదు చేయించి ఉంచండి. ముందుముందు అది తప్పక ఉపయోగపడుతుంది.

ప్రశ్న: కీటకాల నాడీదండం పొట్ట వైపు ఉంటుందని, మన వెన్నుపాము వీపు వైపు ఉంటుందని పిల్లలకు పాఠం చెబుతాను. నిర్మాణమే తలకిందులైనప్పుడు ఒకదాన్ని చూసి మరొకదాన్ని ఎలా అర్థం చేసుకుంటారు? (జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, నల్లగొండ)

జవాబు: మాస్టారూ, ఇదే విషయాన్ని 1822లో ఫ్రెంచి శాస్త్రవేత్త జెఫ్రాయ్ సెంటిలేర్ ఎదురు వైపు నుంచి చూశాడు. ఎండ్రకాయకు బంధువైన లాబ్‌స్టర్‌ను వెల్లకిల తిప్పి చూస్తే దాని అవయవాల అమరిక వెన్నెముక గల జంతువుల అమరికలాగే ఉందని ఆయన అన్నాడు. సమకాలికులు ఒప్పుకోలేదు. ఆయన మాటకు బలం 1990లలో వచ్చింది. ఈగ పిండంలో వీపు వైపు డీపీపీ అనే ప్రొటీన్ ఉంటుంది, అది ఉన్న చోట కణాలు చర్మమవుతాయి. పొట్ట వైపు కణాలు సోగ్ అనే ప్రొటీన్‌ను వదిలి దాన్ని అడ్డుకుంటాయి, అడ్డుకున్న చోట నాడీకణజాలం పుడుతుంది. కప్ప పిండంలో డీపీపీకి సమానమైన బీఎంపీ-4 పొట్ట వైపు ఉంటుంది, సోగ్‌కు సమానమైన కార్డిన్ వీపు వైపు ఉంటుంది. ఈగ సోగ్‌ను కప్ప పిండంలోకి ఎక్కిస్తే వీపు వైపు కణజాలం ఏర్పడుతుంది. అంటే నాడీ వ్యవస్థకు చోటు కేటాయించే పద్ధతి ఒకటే, వంశక్రమంలో ఎక్కడో శరీరం పైకిందులైంది. ఈ ఒక్క బొమ్మను నల్లబల్ల మీద గీసి చూపితే పిల్లలకు పరిణామం గురించి ఒక అధ్యాయం చెప్పినంత ఉంటుందని నా నమ్మకం.

ప్రశ్న: ఈగ కాలి మీద కన్ను మొలిపించారన్నది నిజమేనా? (గృహిణి, నిజామాబాద్)

జవాబు: నిజమే. 1995లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాల్టర్ గెరింగ్ బృందం ఐలెస్ అనే జన్యువును కాళ్ళు, రెక్కలు, స్పర్శశృంగాలుగా మారవలసిన కణాల్లో పనిచేయించింది. ఆ చోట్లలో ఎర్రని సంయుక్త నేత్రాలు మొలిచాయి. ఎలుకలో దీనికి సమానమైన పాక్స్-6 జన్యువును పెట్టినా ఈగ కన్నే మొలిచింది, ఎలుక కన్ను కాదు. ఎక్కడ కన్ను కట్టాలో చెప్పేది ఈ జన్యువు, ఎలాంటి కన్ను కట్టాలో చెప్పేవి ఆ జంతువు సొంత జన్యువులు. మనిషిలో పాక్స్-6 ఒక ప్రతి చెడితే నల్లగుడ్డులోని రంగు పొర సరిగా ఏర్పడని అనిరిడియా అనే లోపం వస్తుంది.

ప్రశ్న: ఈ పరిశోధనలన్నీ విదేశాల్లోనే జరిగినట్లు రాశారు. మన దేశంలో ఎవరూ చేయలేదా? (విశ్రాంత ఉద్యోగి, తిరుపతి)

జవాబు: చేశారు, అదీ తొలి వరుసలో నిలబడి చేశారు. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో 1962లో మాలిక్యులర్ బయాలజీ విభాగాన్ని నెలకొల్పిన ఒబైద్ సిద్దిఖీ, 1970లలో అమెరికాలోని కాల్‌టెక్‌లో సీమోర్ బెంజర్‌తో కలిసి, వేడి పెరగగానే కదలలేక పడిపోయి చల్లబడగానే లేచే ఈగలను వేరుచేశాడు. నాడీ సంకేతం ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి అవి ఎంతో తోడ్పడ్డాయి. తిరిగివచ్చి, రుచి, వాసన తెలియని ఈగలను వెతకడం మొదలుపెట్టాడు. ఆ పనిలో ఆయన విద్యార్థినిగా చేరిన వెరోనికా రోడ్రిగ్స్, ఏ వాసన తగిలితే ఈగ మెదడులోని వాసన కేంద్రంలో ఏ భాగం చురుకవుతుందో 1988లోనే చూపింది. వాసన గ్రాహకాల జన్యువులు మొదటిసారి ఎలుక జాతిలో దొరికినది 1991లో అని గుర్తుంచుకుంటే ఆమె ఎంత ముందుందో తెలుస్తుంది. సిద్దిఖీ బెంగళూరులో స్థాపించిన నేషనల్ సెంటర్ ఫర్ బయొలాజికల్ సైన్సెస్‌లో ఆమె, కె. విజయరాఘవన్ తదితరులు వాసన పట్టే రోమాలూ, వాటి నాడీతంతువులూ ఏర్పడే తీరు మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. రోడ్రిగ్స్ 2010లో, సిద్దిఖీ 2013లో మరణించారు. ఇద్దరి గురించీ మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా విస్తారంగా ఉండాలి. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ సంస్థల్లో కూడా డ్రోసోఫిలా ప్రయోగశాలలు ఉన్నాయి. శరీరంలో ఏ ఖండం ఏ రూపం దాల్చాలో నిర్ణయించే జన్యువుల మీద అక్కడ పని జరిగింది.

ప్రశ్న: మా కళాశాలలో పెద్ద పరికరాలు లేవు. మీరు చెప్పిన వాటిలో ఏదైనా విద్యార్థుల చేత చేయించగలమా? (జంతుశాస్త్ర అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: తప్పకుండా చేయించవచ్చు. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్ట్, అగర్ కలిపి ఉడికించి, బూజు పట్టకుండా కొంచెం ప్రొపియానిక్ ఆమ్లం చేర్చి సీసాల్లో పోస్తే ఈగలకు ఆహారం సిద్ధమవుతుంది. మూతకు దూది చాలు. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ రావడానికి 10 రోజులు పడుతుంది. మీ ఊరి ఎండాకాలంలో మాత్రం జాగ్రత్త అవసరం. 30 డిగ్రీలకు చేరితే మగ ఈగలు సంతానశక్తి కోల్పోతాయి, కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల ప్రయోగం పూర్తయ్యేలా చూసుకోండి. అరటిపండు మీద పట్టినవన్నీ మెలనోగాస్టర్ కావు, మన దగ్గర అననాసే వంటి ఇతర డ్రోసోఫిలా జాతులు కూడా విరివిగా ఉంటాయి. అందువల్ల మైసూరు విశ్వవిద్యాలయంలోని డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ వంటి చోటు నుంచి మామూలు ఈగలనూ, రోమాలు తగ్గిన స్క్యూట్ రకాన్నీ తెప్పించుకోవడం మంచిది.

ఈగలను ఈథర్‌తో మత్తులో ఉంచి, తెల్ల కాగితం మీద బోర్లా పడుకోబెట్టి, స్టీరియో మైక్రోస్కోపు కింద చూడమనండి. వీపు వెనుక కొసన చిన్న త్రికోణాకారపు పలక ఒకటి కనిపిస్తుంది. దాని అంచున ముందు రెండు, వెనుక రెండు, మొత్తం నాలుగు పెద్ద రోమాలు ఉంటాయి. వెనుక రెండూ ఒకదాని మీదుగా ఒకటి వాలి ఉంటాయి. వెలుతురు పక్క నుంచి పడేలా దీపాన్ని జరిపితే ప్రతి రోమం మొదట్లో పాదు కూడా ఉంగరంలాగా మెరుస్తుంది. స్క్యూట్ ఈగల్లో ఆ నాలుగింటిలో ఎన్ని మిగిలాయో ఒక్కొక్క విద్యార్థి చేత రాయించి, తరగతి మొత్తం లెక్కను ఒకచోట చేర్చండి. ఒకే జన్యులోపం ఉన్న ఈగల్లో కూడా సంఖ్య కొద్దిగా మారుతుంది, ఎందుకు మారుతుందన్న చర్చే అన్నింటికన్నా విలువైనది. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది కాబట్టి స్క్యూట్ ఆడ ఈగలను మామూలు మగ ఈగలతో కలిపితే, తరువాతి తరంలో మగవాటిలో మాత్రమే రోమాలు తగ్గి కనిపిస్తాయి. లింగ సహలగ్నతను కూడా ఈ విధంగా చూపించవచ్చు.

ప్రశ్న: ఈగ మెదడు పటం మొత్తం 2024లో పూర్తయిందని వార్తల్లో వచ్చింది. ఇక ఈ విషయంలో తెలుసుకోవలసింది ఏం మిగిలింది? (సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, డల్లాస్)

జవాబు: 2024 అక్టోబరులో ప్రచురించిన ఆ పటంలో ఒక ఆడ ఈగ మెదడులోని 1,39,255 నాడీకణాలూ, వాటి మధ్య ఐదు కోట్లకు పైగా ఉన్న సంధులూ నమోదయ్యాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం నాయకత్వంలో అనేక దేశాల వారు కలిసి చేసిన ఘనమైన పని అది. అయితే ఆ పటం చూపేది తయారైన మెదడును. ప్రతి నాడీకణం తన జతను ఎలా వెతికి పట్టుకుందో అది చెప్పదు.

ఆ దిశలో తెలిసిన కొద్దిలో ఒకటి చెబుతాను. నాడీకణపు శాఖలు విస్తరించేటప్పుడు ఒకే కణానికి చెందిన రెండు శాఖలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఎడంగా సాగాలి. వేరే కణం శాఖలు ఎదురైతే మాత్రం వాటి మధ్య నుంచి దారి చేసుకోవాలి. ఇందుకోసం ప్రతి కణం తన శాఖను, పరాయి శాఖను వేరుగా గుర్తుపట్టగలగాలి. లారెన్స్ జిపర్‌స్కీ ప్రయోగశాల 2000లో వెల్లడించిన ప్రకారం ఈగలో డీస్కామ్ అనే ఒక్క జన్యువు, తన భాగాలను రకరకాలుగా కూర్చుకోవడం ద్వారా 38,016 రూపాల ప్రొటీన్లను తయారుచేయగలదు. ఒక్కో కణం వాటిలో కొన్నింటిని ఏ ఎంపికా లేకుండా తీసుకుంటుంది. అందువల్ల పక్కపక్కన ఉన్న రెండు కణాలకు ఒకే కూర్పు రావడం దాదాపు జరగదు. అదే రూపం ఎదురైతే అది తన శాఖేనని గుర్తించి తప్పుకుంటుంది. రూపాల సంఖ్యను బాగా తగ్గించిన ఈగల్లో కణాలు పరాయి శాఖలను కూడా తమవిగా భావించి తప్పుకుంటున్నాయనీ, గుర్తింపు సరిగ్గా జరగాలంటే కొన్ని వేల రూపాలు కావాలనీ 2009లో తేలింది.

మన డీస్కామ్ జన్యువుకు అంతటి వైవిధ్యం లేదు. ఆ పనినే ప్రోటోకాడ్‌హెరిన్‌లు అనే వేరే ప్రొటీన్ల కుటుంబం చేస్తున్నదని 2012లో ఎలుకల్లో కనిపించింది. నాచ్, ఎటోనల్ విషయంలో ఈగకూ మనకూ జన్యువే ఒకటి, ఇక్కడ జన్యువులు వేరైనా పాటించే నియమం ఒకటి. ఇలాంటి నియమాలు ఇంకా ఎన్ని ఉన్నాయో, 1,39,255 కణాలు ప్యూపా దశలోని ఆ నాలుగైదు రోజుల్లో వాటిని ఏ వరుసలో అమలు చేస్తాయో తెలుసుకోవడమే ఇప్పుడు ఈ ప్రయోగశాలల ముందున్న పని. మీ వంటి వారికి అందులో చోటు కూడా ఉంది. ఆ పటాన్ని యంత్రాలు గీసిన తరువాత దిద్దినవారిలో శాస్త్రవేత్తలతో పాటు ఇతర రంగాల స్వచ్ఛంద సేవకులు కూడా ఉన్నారు, పటం మొత్తం ఎవరైనా చూడడానికి వీలుగా అందుబాటులో ఉంది.